ఒక బంటు ఎక్కువుండి కూడా డ్రా: గెలిచే ఎండ్‌గేమ్ ఎక్కడ జారిపోయింది?

హంటర్‌రోడ్_బంటు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇవాళ హనుమకొండలో ఒక చదరంగం రేటింగ్ టోర్నీలో ఐదో రౌండ్ ఆడి వచ్చా. గెలవాల్సిన ఆట డ్రా అయింది. అన్నం ముందు కూర్చున్నా ఆ బోర్డే కళ్ల ముందు తిరుగుతోంది. అందుకే అడుగుతున్నా, తప్పు ఎక్కడ చేశానో చెప్పండి.

నావి తెల్లపావులు. టైమ్ 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకి 30 సెకన్లు అదనం. అరవయ్యో ఎత్తు దగ్గరకి వచ్చేసరికి బోర్డు మీద ఐదే మిగిలాయి. నాది రాజు ఇ4 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), రూక్ (ఏనుగు) ఇ5, బంటు ఇ3. అతనిది రాజు ఎఫ్7, రూక్ ఇ6. ఆ రూక్‌ని అప్పుడే తెచ్చి నా రూక్‌కి ఎదురుగా పెట్టాడు. ఎత్తు నాది. నా క్లాక్‌లో 22 నిమిషాలు, అతనికి 3 నిమిషాల చిల్లర.

ముందున్నవాడు పావులు మార్చుకోవాలని చిన్నప్పటి నుంచి విన్నా. పది సెకన్లు కూడా ఆగలేదు. రూక్‌తో రూక్‌ని కొట్టా, అతను రాజుతో కొట్టి క్లాక్ నొక్కాడు. ఆ చప్పుడుతోనే విషయం అర్థమైంది. నా రాజు ఇ4, అతని రాజు ఇ6, ఎత్తు నాది. నేను ఎటు కదిలితే అటు ఎదురొచ్చి నిలబడ్డాడు. ఇంకో పదిహేను ఎత్తులు ఆడి చెయ్యి కలిపా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దానికి మూడు ఎత్తుల ముందు బంటు ఇ2లోనే ఉంది. ఏం ఆడాలో తోచక ఒక గడి ముందుకు తోశా. అది కూడా తప్పేనా?

పరకాల_గుర్రం | ఆదివారం రాత్రి 10:05

తప్పేం లేదు అన్నా. బంటు ఎక్కువుంటే పావులు మార్చాలి, ఎదుటివాడు బంట్లు మార్చాలి, ఇది అందరికీ తెలిసిన రూలే. నువ్వు రూల్ ప్రకారమే ఆడావు. రాజు, ఒక బంటు ఆటల్లో సగం డ్రాలే అవుతాయి. నీ టైమ్ బాగోలేదు అంతే, మనసులో పెట్టుకోకు.

నిట్_హాస్టల్64 | ఆదివారం రాత్రి 10:31

పరకాల అన్నా, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించను. ఇది అదృష్టం కాదు, లెక్క.

బంటు సగం బోర్డు దాటనప్పుడు దానికి రెండు వరుసల ముందున్న మూడు గడులు కీ స్క్వేర్స్. మన రాజు వాటిలో ఏదో ఒకదాంట్లో అడుగు పెడితే చాలు, ఎత్తు ఎవరిదైనా గెలుపే. బంటు ఇ2లో ఉంటే ఆ గడులు డి4, ఇ4, ఎఫ్4. ఇ3లో ఉంటే డి5, ఇ5, ఎఫ్5.

ఇప్పుడు మీ స్థితి చూడండి. రాజు ఇ4లో ఉన్నాడు. బంటు ఇ2లోనే ఉండి ఉంటే రూక్‌లు మార్చిన తర్వాత కూడా మీరు కీ స్క్వేర్‌లోనే ఉన్నట్టు. అతని రాజు ఇ6కి రాగానే బంటుని ఇ3కి తోస్తారు, ఎత్తు అతనిదవుతుంది, అతను దారి వదలాల్సిందే. ఆ ఒక్క చిన్న ఎత్తు మీరు దాచుకోవాల్సిన డబ్బు లాంటిది. ముందే ఖర్చు పెట్టేశారు. బంటు ఒక అడుగు వేసేసరికి కీ స్క్వేర్స్ కూడా ఒక వరుస పైకి జరిగిపోయాయి, మీ రాజు కిందే ఉండిపోయాడు.

హంటర్‌రోడ్_బంటు | ఆదివారం రాత్రి 10:48

ఇప్పుడే బోర్డు వేసి చూశా తమ్ముడూ. బంటు ఇ2లో పెట్టి నాలుగుసార్లు ఆడా, నాలుగుసార్లూ గెలిచా. ఇ3లో పెడితే ఒక్కసారి కూడా రాలేదు. ఒక్క గడికి ఇంత తేడా ఉంటుందని తెలియదు.

సరే, బంటు ఇ3కి వెళ్లిపోయింది అనుకుందాం. ఆ క్షణంలో రూక్ కొట్టక ఇంకేం చెయ్యాలి? నా రూక్ కదలదు, కదిలితే నా రాజుకే చెక్.

పరకాల_గుర్రం | ఆదివారం రాత్రి 11:02

రాజుని ఎఫ్4కి జరుపు అన్నా. రూక్‌కి కాపు ఉంటుంది. అతను కొడితే నీ రాజు ఇ5కి వచ్చి కొడతాడు. అప్పుడు కీ స్క్వేర్‌లో ఉన్నట్టేగా?

నిట్_హాస్టల్64 | ఆదివారం రాత్రి 11:20

ఆలోచన సరైనదే, మార్చుకునే పని అతనితో చేయించాలి. కానీ ఎఫ్4లో ఒక చిక్కు ఉంది. అతను కొట్టడు, రూక్‌ని ఎఫ్6కి తెచ్చి చెక్ ఇస్తాడు. వెనక్కి ఇ4కి వస్తే రూక్ మళ్లీ ఇ6కి, మొదటికొచ్చినట్టే. రూక్‌ని ఎఫ్5లో అడ్డం పెడదామని మనసు లాగుతుంది, ఎందుకంటే అతని రూక్ వెనక అతని రాజు ఉన్నాడు, కట్టేసినట్టు కనిపిస్తుంది. కానీ రాజు ఇ6కి వచ్చేస్తాడు! అప్పుడు మనం ఎఫ్6లో మార్చుకోక తప్పదు, అతను రాజుతో కొడతాడు, మన రాజు ఎఫ్4లో కిందే. మళ్లీ డ్రా. నేను కూడా మొదట ఎఫ్4 అనే అనుకున్నా, పావుగంట తర్వాత ఇది కనిపించింది.

డి4కి వెళ్లినా అంతే. డి6లో చెక్.

కాజీపేట_లోకో | సోమవారం ఉదయం 5:50

పొద్దున్నే చాయ్ తాగుతూ మీ ముచ్చట చదివిన. ముప్పై ఏళ్లు రైలు నడిపి రిటైరైన, చదరంగం మాత్రం వదల్లే.

రాజు డి5కి పోవాలి. నల్లరాజు ఎఫ్7లో ఉన్నడు గదా, వానికి దూరంగా ఉండే వైపు. డి6లో చెక్ ఇస్తే ఆ రూక్‌కి కాపు లేదు, మన రాజు తినేస్తడు. ఎఫ్ వైపు పోతే కాపు ఉంది, అదే తేడా. ఇంక అతను ఇ5లో కొడితే మనం రాజుతో కొడతం, రాజు ఇ5లో, బంటు ఇ3లో, చేతిలో ఒక ఎత్తు మిగిలే ఉంది. నల్లరాజు ఇ7కి వస్తే బంటు ఇ4. గెలుపు. రూక్‌ని ఇ7కో ఇ8కో వెనక్కి తీస్తే అప్పుడు మనమే మార్చుకోవాలె, రాజు ఇ5లోకో ఇ6లోకో దూకుతడు. అదీ గెలుపే.

బిడ్డా హంటర్‌రోడ్, ఒక మాట చెప్త. పసుపు సిగ్నల్ కనబడితే లైన్ ఖాళీగానే ఉన్నట్టు తోచినా స్పీడ్ తగ్గించాలె. ఎక్స్చేంజ్, అంటే పావుల మార్పిడి, కనిపించినప్పుడు అట్లనే. రూక్ మళ్లీ పుట్టదు. వేరే ఎత్తు తప్పయితే దిద్దుకోవచ్చు, ఇది దిద్దుకోలేవు. నీ దగ్గర 22 నిమిషాలుండె, అందులో పది నిమిషాలు ఆ ఒక్క ఎత్తు మీదనే పెట్టాలె.

హంటర్‌రోడ్_బంటు | సోమవారం ఉదయం 7:15

పెద్దాయనా, దండం. డి5 అన్న గడి నిన్న నా కళ్లకి కనిపించనే లేదు. ఆ హాల్లో పైన ఫ్యాన్ టకటక కొట్టుకుంటోంది, పక్క బోర్డు వాళ్లు లేచి వెళ్లిపోయారు, అందరూ మా చుట్టూ నిలబడ్డారు. గెలిచేశా అనే మాట అప్పటికే లోపల నడుస్తోంది. అది మొదలైతే ఇంక లెక్క సాగదు.

కరీంనగర్_అమ్మ | సోమవారం మధ్యాహ్నం 1:30

మీ మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. మా పాపకి 11 ఏళ్లు. మధ్యలో బాగా ఆడుతుంది, పావులు కూడా గెలుస్తుంది, చివర్లో పోగొడుతుంది. పోయిన నెల ఒక ఆటలో తనకి క్వీన్ (మంత్రి) ఉంది, అవతలి అబ్బాయికి సి2లో ఒక్క నల్లబంటు, రాజు దాని పక్కనే బి1లో. పాప క్వీన్‌ని బి3లో పెట్టి చెక్ ఇచ్చింది. అబ్బాయి రాజుని ఎ1 మూలకి జరిపాడు. పాప సంతోషంగా బంటుని కొట్టేసింది. స్టేల్‌మేట్! చెక్ లేదు, అబ్బాయికి ఆడటానికి ఎత్తూ లేదు, ఆట డ్రా. బస్సులో కరీంనగర్ వచ్చేదాకా ఏడ్చింది. కోచింగ్‌లో అడిగితే జాగ్రత్తగా ఆడాలమ్మా అన్నారు. జాగ్రత్త అంటే ఏం చెయ్యాలి సర్? పిల్లకి ఆ మాట ఎలా చెప్పాలి?

నిట్_హాస్టల్64 | సోమవారం సాయంత్రం 6:10

అక్కా, ముందు పాపకి ఈ మాట చెప్పండి. చివరి ఎత్తులో తన తప్పు లేదు. పాప రాజు దూరంగా ఉండి ఉంటే ఆ స్థితి అప్పటికే డ్రా. బంటు ఆఖరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉండి, పక్కన దాని రాజు ఉంటే, క్వీన్ గెలుస్తుందా లేదా అన్నది బంటు ఏ ఫైల్‌లో (నిలువు వరుసలో) ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బి, డి, ఇ, జి ఫైళ్లలో క్వీన్ గెలుస్తుంది. చెక్‌లు ఇచ్చుకుంటూ రాజుని బంటు ముందుకి నెట్టి, ఆ ఖాళీలో మన రాజు ఒక్కో అడుగు దగ్గరకి వస్తాడు. ఎ, సి, ఎఫ్, హెచ్ ఫైళ్లలో మాత్రం మీరు చూసిందే జరుగుతుంది, రాజు మూలకి పారిపోయి స్టేల్‌మేట్ వల వేస్తాడు. మన రాజు దగ్గర్లో ఉంటేనే గెలుపు.

కాబట్టి అసలు తప్పు ఎనిమిదో పదో ఎత్తుల ముందు ఎక్కడో జరిగి ఉంటుంది, ఆ బంటుని సి2 దాకా రానిచ్చినప్పుడు. స్కోర్ షీట్ తీసి పాపతో కూర్చుని ఆ చోటు వెతకండి. ఏడుపు ఆగి కుతూహలం మొదలవుతుంది. నాకు అలాగే జరిగింది.

కాజీపేట_లోకో | సోమవారం రాత్రి 8:25

అమ్మా, ఇంట్లో రోజూ ఒక పని చేయించు. నీకు ఒంటరి రాజు, పాపకి రాజు, రూక్. క్లాక్‌లో రెండే నిమిషాలు పెట్టు. మేట్ చెయ్యమను. నీకు చదరంగం రాకున్నా ఫర్వాలేదు, రాజుని నడిపితే చాలు. ఒక వారం అది, తర్వాతి వారం లూసెనా.

లూసెనా అంటే ఏందో ఇక్కడ తెలియనోళ్ల కోసం రాస్తున్న, ఎందుకంటే రూక్ ఎండ్‌గేమ్‌లో బంటు ఎక్కువున్నోడు చివరికి చేరాల్సిన ఊరు అదే. తెల్లరాజు జి8లో, బంటు జి7లో, రూక్ ఇ1లో. నల్లరాజు డి7లో, రూక్ హెచ్2లో. బంటు ముందు మన రాజే అడ్డం ఉన్నడు. బయటకి వస్తే వెనక నుంచి చెక్ మీద చెక్. వట్టిగ రాజుని తిప్పితే ఎంతసేపు తిరిగినా దాక్కునే చోటు దొరకదు.

అందుకే ముందు రూక్‌ని ఇ4కి తేవాలె. చూసేవాళ్లకి ఏ పనీ లేని ఎత్తు లెక్క ఉంటది. అతను హెచ్1లో రూక్ పెట్టి ఎదురు చూస్తడు. ఇప్పుడు రాజు ఎఫ్7. ఎఫ్1 నుంచి చెక్, రాజు జి6. జి1 నుంచి చెక్, రాజు ఎఫ్6. మళ్లీ ఎఫ్1 నుంచి చెక్, రాజు జి5. మళ్లీ జి1 నుంచి చెక్. ఇప్పుడు ఇ4లో ఉన్న రూక్‌ని జి4కి తెచ్చి అడ్డం పెట్టు. చెక్‌లు అయిపోయినయ్. బంటుకి ఇంక ఎవరూ అడ్డం లేరు. దీన్నే వంతెన కట్టుడు అంటరు.

పేరు లూసెనాది అంటరు గానీ 1497లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ స్థితి లేదు. 1634 నాటి సాల్వియో పుస్తకంలో ఉంది. పేరు ఎవరిదైతేంది, నాలుగు వందల ఏళ్ల నుంచి పనిచేస్తనే ఉంది.

డిఫెండ్ చేసేటోడు పోవాల్సిన ఊరు వేరు, ఫిలిడోర్. రాజు బంటు ముందు, రూక్ ఆరో వరుసలో కాపలా. బంటు ఆరో వరుసలోకి రాగానే రూక్ కిందికి దిగి వెనక నుంచి చెక్‌లు. పాపకి రెండు వైపులా ఆడించు, ఒక్క వైపే నేర్పకు.

పరకాల_గుర్రం | సోమవారం రాత్రి 9:00

హంటర్‌రోడ్ అన్నా, నిన్న నేను అదృష్టం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకూ కీ స్క్వేర్స్ సంగతి తెలియదు. మన దగ్గర పిల్లలందరూ చదరంగంలో చేరుతున్నారు, వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలో 2800 దాటాక ఇంకా ఎక్కువయ్యారు. ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు మన ఊరి పిల్లాడు అంటే ఆ ఉత్సాహం ఉంటుంది కదా. కానీ నేను చూసినంతలో చెప్పేవన్నీ ఓపెనింగ్‌లే. పన్నెండు ఎత్తులు బట్టీ పట్టిన పిల్లలకి రాజు, బంటు ఆట రాదు. నేనూ అలాగే నేర్చుకున్నా.

ఒక చిట్కా మాత్రం నా దగ్గర ఉంది. ఎత్తుని ముందు స్కోర్ షీట్ మీద రాసి, ఒకసారి మళ్లీ చూసి, తర్వాత ఆడితే తొందర తగ్గుతుంది.

బోర్డు_పక్కన | సోమవారం రాత్రి 9:35

నేను టోర్నీల్లో ఆర్బిటర్‌గా పనిచేస్తా. పరకాల గారూ, దయచేసి ఆ చిట్కా పిల్లలకి చెప్పకండి. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాల ప్రకారం ఎత్తుని ముందుగా రాయడం నిషేధం. ముందు ఆడాలి, తర్వాత రాయాలి. డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు మాత్రమే ఆడబోయే ఎత్తుని ముందు రాస్తారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోమని చెప్పండి, అది ఏ నియమానికీ అడ్డం రాదు.

పావులు ఎక్కువున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. బంటు కదలకుండా, ఏదీ కొట్టకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు ఆడితే ఎదుటివాళ్లు డ్రా అడగవచ్చు. 75 అయితే ఎవరూ అడక్కుండానే డ్రా. ఒకే స్థితి మూడోసారి వస్తే డ్రా అడగవచ్చు, ఐదోసారి వస్తే దానంతటదే డ్రా. టైమ్ తక్కువున్నవాళ్ల నుంచి గెలుపు లాగుదామని ముందుకీ వెనక్కీ ఆడుతూ మూడోసారి అదే స్థితిలోకి వెళ్లి పాయింట్ పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశా. క్లెయిమ్ విని నేను బోర్డు దగ్గరకి వెళ్లి సరిచూసేటప్పుడు వాళ్ల ముఖం చూడలేం.

నిట్_హాస్టల్64 | మంగళవారం రాత్రి 10:15

ఎక్స్చేంజ్ గురించి ఒక పెద్ద ఆట గుర్తొచ్చింది. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖరి ఆట. గుకేశ్, డింగ్ లిరెన్ చెరో ఆరున్నర పాయింట్ల మీద ఉన్నారు. గుకేశ్‌వి నల్లపావులు, చేతిలో ఒకే ఒక్క బంటు ఎక్కువ. ఇద్దరికీ రూక్, బిషప్ (శకటు) ఉన్నాయి, బంట్లన్నీ ఒకే వైపు. ఇది డ్రాయే అని చూసేవాళ్లంతా అనుకుంటున్నారు. గుకేశ్ వదల్లేదు, ఆడుతూనే ఉన్నాడు.

55వ ఎత్తులో డింగ్ రూక్‌ని ఎఫ్2కి తెచ్చి ఎదురు పెట్టాడు, మార్చుకుందాం అన్నట్టు. అచ్చం మన హంటర్‌రోడ్ అన్న బోర్డు లాగే! తేడా ఏంటంటే అక్కడ మార్చుకోవడం గెలుపు. డింగ్ బిషప్ ఎ8 మూలలో ఉంది. రూక్‌లు పోయాక గుకేశ్ తన బిషప్‌ని డి5లో పెట్టాడు, మూలలో ఉన్న బిషప్‌కి పారిపోయే దారి లేదు. బిషప్‌లూ పోయాయి. మిగిలింది బంట్ల ఆట, అది నల్లపావులకి గెలుపు. 58 ఎత్తులకి ఆట అయిపోయింది, 18 ఏళ్లకి ప్రపంచ చాంపియన్.

ఆ రూక్ కొట్టే ముందు గుకేశ్ ఆగి చూశాడు. రూక్ కొట్టాక బిషప్, బిషప్ పోయాక రాజు ఎక్కడ, ఆ చివరి గడి దాకా చూసి అప్పుడు కొట్టాడు.

జమ్మికుంట_నల్లపావులు | బుధవారం రాత్రి 9:50

హంటర్‌రోడ్ అన్నా, ఆదివారం బోర్డుకి అవతల కూర్చున్నది నేనే. ఒక దోస్త్ ఈ ముచ్చట చూసి పంపించాడు. రెండు రోజులు రాయాలా వద్దా అనుకున్నా.

మీరు బంటుని ఇ3కి తోసినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పటిదాకా రూక్‌లు మార్చుకోవాలంటే భయం, ఆ ఎత్తు తర్వాత నేనే మార్చుకోవాలని వెతికా. ఇ6లో రూక్ పెట్టి క్లాక్ నొక్కాక నా కాలు బల్ల కింద ఆగకుండా వణుకుతోంది. డి5 నేను చూశా. రూక్ పెట్టాకే చూశా. మీరు ఒక్క నిమిషం తల దించుకుని కూర్చుని ఉంటే మీకూ కనబడేదని ఇప్పటికీ అనుకుంటున్నా.

కానీ డి5 ఆడినా నేను కొట్టేవాణ్ణి కాదు. రూక్‌ని ఎ6కి తీసేవాణ్ణి. అక్కడ ఒక వల ఉంది. మీరు బంటుని ఇ4కి తోస్తే ఎ5లో చెక్ ఇస్తా. మీ రాజు డి4కి వెళ్లినా డి6కి వెళ్లినా నేను ఇ5లో రూక్ కొడతా, మీరు రాజుతో కొడతారు, నా రాజు ఇ7. ఇప్పుడు మీ బంటు ఇ4లో ఉంది, దాచుకున్న ఎత్తు అయిపోయింది, ఆడాల్సింది మీరు. డ్రా.

నిట్_హాస్టల్64 | బుధవారం రాత్రి 10:20

ఇప్పుడే వేసి చూశా, నిజమే. మళ్లీ అదే బంటు, అదే ఒక్క అడుగు. ఎ6 తర్వాత కూడా బంటు ఇ3లోనే ఉండాలి.

కరీంనగర్_అమ్మ | గురువారం ఉదయం 6:40

పాప ఈ రోజు పొద్దున్నే లేచి వంతెన కట్టింది. మూడోసారికి తప్పు లేకుండా వచ్చింది. జి4లో రూక్ పెట్టాక నా వైపు చూసిన చూపు ఇంకా కళ్లలోనే ఉంది. ఫిలిడోర్ వైపు ఆడితే మాత్రం కోపం వస్తోంది, డ్రా కోసం ఎందుకు ఆడాలి అంటోంది.

కాజీపేట_లోకో | గురువారం ఉదయం 7:05

కోపం రానీయమ్మా. ఆడుతనే ఉండమను.

హంటర్‌రోడ్_బంటు | గురువారం రాత్రి 9:15

జమ్మికుంట తమ్ముడూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. ఆ రోజు చెయ్యి కలిపేటప్పుడు మీ చెయ్యి చల్లగా ఉంది, ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఎ6 సంగతి చదివాక నిన్న రాత్రి పన్నెండు దాకా కూర్చున్నా. ఇ4 తోయాలని ఎన్నిసార్లు చెయ్యి లేచిందో చెప్పలేను.

ఆదివారం ఖాళీయేనా? పొద్దున పది గంటలకి హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుందాం. బోర్డు, క్లాక్ నేను తెస్తా. అదే స్థితి, నాకు 22 నిమిషాలు, మీకు 3, ఎత్తుకి 30 సెకన్లు. రాజు డి5 దగ్గర నుంచి మొదలు పెడదాం.

జమ్మికుంట_నల్లపావులు | గురువారం రాత్రి 9:32

వస్తా అన్నా. పొద్దున బస్సుకి బయల్దేరతా. నా మొదటి ఎత్తు ముందే చెప్పేశా, రూక్ ఎ6.